జోగమ్మ అనే కనబడని కణం

రాండ్రి పిల్లలూ, ఇటు దగ్గరికి జరుగుండ్రి. చాప మీద ఇంకా జాగున్నది. చిన్నోళ్లు ముందుకు, పొడుగోళ్లు వెనక్కి. దసరా సెలవులకు ఇంటికొచ్చిన సారుతోటి ఏదన్నా కథ చెప్పించుకుందామని వచ్చిన్రు గదా? కథ వద్దు. పోయిన నెల నా మీదికొచ్చిన గండం చెప్త. ఈ పొద్దు మన కల్లూరుల నేను గిట్ల కాళ్లు చాపుకొని కూసున్ననంటే, అదంతా ఒక ఉడకబెట్టిన గుడ్డు పుణ్యం. నవ్వకుండ్రి, నిజం!

నేను పనిచేసే బడి బూర్గంపాడు దాటినంక, అడవి అంచున ఒక కోయగూడెంల ఉంటది. రెండు గదులు, రేకుల వంటపాక, వెనక వాగు. ఎండకాలం ఆ వాగుల పాదం గూడ తడవదు. వానకాలం దాని దిక్కు చూస్తేనే గుండె జల్లుమంటది.

ఆ రోజు మధ్యాహ్న భోజనంల గుడ్డు పెట్టే రోజు. గుడ్డు రోజున బడి ఎగ్గొట్టే పిల్ల ఇంకా పుట్టలేదు. అయినా పొద్దున అందరి మొఖాలు వేలాడుతున్నయి.

"సారూ, భూమి ఖతమైతదంట గదా! ఎక్కడనో పెద్ద మిషను పెట్టిన్రంట, అది మనల్నందర్ని మింగుతదంట. టీవీల చెప్పిన్రు" అన్నడు ఒకడు.

"గుడ్డు పెట్టినంక మింగుతదా సారూ, ముందే మింగుతదా?" అన్నడు ఇంకొకడు.

కూసోబెట్టి నెమ్మదిగ చెప్పిన. "మింగదు బిడ్డా. ఆకాశంల చుక్కలు గుంపులు గుంపులుగ తిరుగుతుంటయి. అవి తిరిగే జోరుకు, కనబడే చుక్కల బరువు ఒక్కటే వాటిని పట్టి ఉంచలేదు. అంటే, కనబడని పదార్థమేదో మస్తుగ ఉన్నట్టు. దాన్ని కృష్ణ పదార్థం అంటరు. అది ఏ కణంతోటి అయిందో ఎవరికీ తెల్వదు. అందుకే భూమిలోపల గుండ్రటి సొరంగం తవ్వి, అందుల చిన్న చిన్న కణాలను ఎదురెదురుగ ఉరికించి గుద్దిస్తరంట. ఆ దెబ్బకు కృష్ణ పదార్థపు కణం గూడ పుట్టొచ్చని ఆశ."

"పుడితే కనబడుతదా సారూ?" అన్నది జోగమ్మ. మూడో తరగతి. మనిషి పుల్లలెక్క ఉంటది గానీ, సారు చెప్పిన మాట పొల్లుపోకుండ చేసే పిల్ల.

"కనబడదు. గుద్దుకున్నంక బయటికొచ్చినవన్నీ లెక్క చూస్తరు. ఒక దిక్కు లెక్క తక్కువైందా, కనబడనిదేదో ఆ దిక్కు జారుకున్నట్టు. తక్కువైందే సాక్ష్యం!"

అక్కడితోటి ఆపితే అయిపోతుండె. నాకేమో ఏ పాఠమైనా ఆడించి చెప్తేగాని తృప్తి ఉండదు. వాన తెరిపిచ్చింది. బడి ముందు కట్టెతోటి పెద్ద గుండ్రం గీసిన. సగం మంది ఇటు నుంచి, సగం మంది అటు నుంచి ఉరికొచ్చి జెండా గద్దె కాడ గుద్దుకోవాలె. చిన్న క్లాసులోళ్లు చుట్టూ నిలబడి, ఎవరు ఏ దిక్కు పోయిన్రో చూడాలె.

జోగమ్మను పక్కకు పిలిచిన. "నువ్వు కనబడని కణం. గుద్దుకోంగనే జారుకోవాలె. ఎవ్వరి కంట పడొద్దు. పేరు పెట్టి పిలిచినా పలకొద్దు. నేను లాంగ్ బెల్ కొట్టినంకనే బయటికి రావాలె. సరేనా?"

"సరే సారూ."

ఉరికిన్రు. గుద్దుకున్నరు. ఒక్కటే కుప్ప! బురద, అరుపులు, ఒకని ఊగే పన్ను ఊడి చేతిలకొచ్చింది. చూడమన్న చిన్నోళ్లందరు ఆ పన్నును చూసుకుంట నవ్వుతున్నరు.

"ఏ దిక్కు లెక్క తక్కువైందిరా?" అని అడిగిన.

ఒకడు తూర్పు అన్నడు, ఒకడు పడమర అన్నడు. ఒకామె ఆకాశం దిక్కు వేలు చూపిచ్చింది. ఇంతల దబదబ వాన. అందర్ని వరండాలకు తోలిన. జోగమ్మ లేదు.

"జోగమ్మా!" అని పిలిచిన. పలకలేదు. నిజం చెప్తున్న, మొదలు నాకు మురిపెమైంది. ఎంత బాగ అర్థం చేసుకున్నది అనుకున్న. పిల్లలు గూడ గొంతు చించుకొని పిలిచిన్రు. ఉహూ! అప్పుడు వెనక దిక్కు నుంచి ఒక కేక.

"సారూ, వాగు కాడ జోగమ్మ సంచి!"

ఎట్ల ఉరికిననో నాకు తెల్వదు. వాన పడకుండ నెత్తిన కప్పుకొచ్చిన యూరియా సంచి అది, వాగు ఒడ్డున తుప్పకు తట్టుకొని ఉన్నది. కింద ఎర్ర నీళ్లు సుడులు తిరుగుతున్నయి. చెట్ల కొమ్మలు గడ్డిపోచలలెక్క కొట్టుకపోతున్నయి.

మిరప చేన్ల కలుపు తీస్తున్న వాళ్లమ్మకు ఎవరో చెప్పిన్రు. బురద కాళ్లతోటి ఉరికొచ్చింది.

"సారూ, నా బిడ్డేది?"

ఏం చెప్పాలె? కనబడని కణాన్ని చేసిన అని చెప్పాలెనా?

"బడిల ఉంటే పైలంగ ఉంటదని గదా సారూ పంపింది!" అని ఆమె సంచిని గుండెకు అదుముకున్నది. గూడెం మగవాళ్లు వెదురు గడలు తెచ్చిన్రు. ఒకాయన నడుముకు తాడు కట్టుకొని నీళ్లల్ల దిగిండు. ఇంకో చివర నేనే పట్టుకున్న. నీళ్లు ఆయన రొమ్ము దాక వచ్చినయి. తాడు గుంజుతుంటే నా అరచేతులు కాలుతున్నయి. ఆయనకేమన్నా అయితే? ఆ పిల్లకేమన్నా అయితే?

అప్పుడొచ్చింది మా వంట వెంకటమ్మ, చేతిల గంటెతోటి.

"సారూ, ఒక గుడ్డు తక్కువైంది."

"గుడ్డు గోల ఏందమ్మా, ఇక్కడ పిల్ల పాణం మీదికొస్తే!"

"రేపు నన్ను అనొద్దు సారూ. నేను లెక్కబెట్టే ఉడకబెట్టిన. పిల్లి తిన్నదనుకుందామంటే, పెంకు సక్కగ ఒలిచి పొయ్యి పక్కన పెట్టి ఉన్నది. పిల్లి పెంకు ఒలుస్తదా?"

"పో అమ్మా పో!" అని కసిరిన. ఆమె గొణుక్కుంట తిరిగింది. "తక్కువైంది తక్కువైందంటే ఎవరూ వినరు..."

తక్కువైంది! నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. పొద్దున ఆ మాట చెప్పింది ఎవరు? నేనే గదా!

"బయటికి రావయ్యా, జల్దీ!" అని ఆయనను ఒడ్డుకు గుంజి, వంటపాకలకు ఉరికిన. లోపల పొగ, చీకటి. "జోగమ్మా!" చప్పుడు లేదు. "జోగమ్మా, నేను బిడ్డా, సారును!" అయినా లేదు. అప్పుడు యాదికొచ్చింది, లాంగ్ బెల్! ఆ పరేషాన్ల అసలు ముచ్చటే మర్చిపోయిన. వరండాలకు ఉరికి, వేలాడదీసిన ఇనుప రేకును చెయ్యి పడిపోయేదాక కొట్టిన.

వంటపాకల కట్టెల మోపు కదిలింది. దాని వెనక నుంచి నెత్తి నుంచి పాదాల దాక మసి పూసుకొని, మూతి మీద పచ్చసొనతోటి జోగమ్మ బయటికొచ్చింది.

"ఎంతసేపటికి కొట్టిన్రు సారూ! కాళ్లు గుంజుతున్నయి."

వాళ్లమ్మ ఉరికొచ్చి వీపు మీద ఒక్కటేసింది. ఆ చేత్తోటే దగ్గరికి అదుముకొని ఏడ్చింది.

"మేం పిలుస్తుంటే వినబడలేదా బిడ్డా?"

"వినబడ్డది. పలకొద్దన్నరు గదా సారూ."

"మరి సంచి వాగు దిక్కు ఎందుకు పడేసినవ్?"

"తెల్లగ మెరుస్తది గదా! కనబడతనని పడేసిన."

"గుడ్డు?"

"తినొద్దని మీరు చెప్పలె."

వాళ్లమ్మ కళ్లు తుడుచుకొని నన్ను ఎగాదిగా చూసింది. "మనుషుల్ని మింగే మిషను దేశం అవతల ఉన్నదన్నరు గదా సారూ. మా బడిలకే డ్యూటీకొచ్చిందని మాకెవరూ చెప్పలె!"

గూడెమంతా ఒక్కటే నవ్వు. అప్పటి నుంచి నన్ను ఎవరూ పేరు పెట్టి పిలుస్తలేరు, 'మిషను సారు' అంటున్నరు. ఇంకా వినుండ్రి, ఆ పూట భోజనాల వరుసల జోగమ్మ మళ్ల పళ్లెం పట్టుకొని కూసున్నది. "నీ గుడ్డు తిన్నవు గదనే" అంటే, "అది కణం తిన్నది సారూ, ఇది నాకు" అన్నది! ఆ పిల్ల రేపు నిజంగనే ఆ సొరంగంల పనిచేస్తే నేను ఆశ్చర్యపోను.

అగో, ఎవరమ్మనో అన్నానికి పిలుస్తున్నది. పోండ్రి, పోయి తినుండ్రి. సారు ఎన్నైనా చెప్తడు, అమ్మ పిలిస్తే మాత్రం పలకాలె. జల్దీ పలకుండ్రి నాయనా, బెల్లు కొట్టిన చెయ్యి నాకింకా లేస్తలేదు!