స్వేచ్ఛాదేవిని చెక్కిన ట్రిఫోన్

రోములో జూనో అమ్మవారి గుడి పక్కనున్న టంకశాలలో వెండి నాణేలకు అచ్చులు చెక్కేవాడు ట్రిఫోన్. అతను బానిస. యజమాని కాల్వియస్ అతన్ని టంకశాలకు కూలికిచ్చి, ఆ కూలి తను తినేవాడు.

ఏడాదికో పెద్దింటి కుర్రాడు నాణేల అధికారిగా దిగేవాడు. మా వంశం ఫలానా దేవుడి సంతానమంటూ ఆ దేవుణ్ణే నాణెం మీద వేయించుకునేవాడు. వీనస్‌కు తన ముక్కే పెట్టమన్న ఘనుడూ ఉన్నాడు. ట్రిఫోన్ పెట్టాడు. దేవత ఏమీ అనలేదు.

ఒక ఏడు స్వేచ్ఛాదేవిని వేయాలన్నారు. అచ్చు బాగా కుదిరితే ట్రిఫోన్‌ను విడుదల చేస్తానని కాల్వియస్ మంచి హుషారులో నలుగురి ముందూ మాటిచ్చాడు. ట్రిఫోన్ కోరిక ఒక్కటే. కళ్ళు కనిపిస్తుండగానే బయటపడి, ఉంగరాలకు ముద్రలు చెక్కే చిన్న కొట్టు పెట్టుకుని, కాల్వియస్ వంటింట్లో బానిసగా మగ్గిపోతున్న, తను మనసిచ్చిన ఇరీనెని విడిపించుకోవాలి.

నాణేల మీద సుత్తి వేసే బిథస్ నవ్వాడు. "మరీ బాగా చెక్కకురా ట్రిఫోనూ. పాడుచేస్తే అమ్మేస్తాడు, బాగా చేస్తే అసలే వదలడు."

ఆశ పాడుగాను, ట్రిఫోన్ ప్రాణం పెట్టి చెక్కాడు. ఆ దేవత ముఖం చూసి ఊరంతా మెచ్చుకుంది. అదే అతని కొంప ముంచింది. ఏ కుర్రాడొచ్చినా ట్రిఫోన్ చెయ్యే కావాలన్నాడు, కూలి రెట్టింపయింది. మాట గుర్తుచేస్తే, "చూద్దాంలేరా, మా ఇంట్లో నీకేం తక్కువైందని?" అనేవాడు కాల్వియస్. అలా ఏళ్ళు దొర్లిపోయాయి. ఇరీనె జ్వరమొచ్చి బానిసగానే పోయింది. ట్రిఫోన్ కళ్ళకు పొరలు కమ్మాయి.

చివరికి వేటదేవత డయానా పక్కనుండే వేటకుక్కకు ఐదు కాళ్ళు చెక్కాడు. కుర్ర అధికారి పగలబడి నవ్వాడు. కాల్వియస్‌కు నవ్వు రాలేదు. వారం తిరక్కుండా ట్రిఫోన్‌ను న్యాయాధికారి దగ్గరికి నడిపించి, విడుదలైనవాళ్ళు పెట్టుకునే టోపీ నెత్తిన పెట్టించాడు. ఆలస్యమైనా మాట నిలబెట్టుకున్నాడని జనం కాల్వియస్‌ను పొగిడారు. సిగ్గులేని జనం.

తిరిగొచ్చాక కాల్వియస్ అతన్ని గుమ్మం దగ్గరే ఆపాడు. ఇక స్వతంత్రుడివి, ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళమన్నాడు.

"ఈ పూటకి కాస్త రొట్టె పెట్టించండయ్యా," అన్నాడు ట్రిఫోన్, గోడ తడుముకుంటూ.

"బానిసకైతే పెట్టక తప్పదురా. నువ్వు కాదుగా," అని కాల్వియస్ తలుపేసుకున్నాడు.