మారుమనువుకు ఒక పల్లవి

అది 2022 వానాకాలం. ఇబ్రహీంపట్నం చెరువు నిండుగ ఉన్నది. పొద్దున లేస్తే మార్కెట్‌ల చేపల తట్టలు బారులు తీరుతుండె. బస్ డిపో దగ్గర ఎరువుల దుకాణం మీద మా రికార్డింగ్ రూము. సాగర్ రోడ్డు మీద బస్సు హారన్ కొట్టిందంటే సగం పాట మళ్ళ పాడాల్సిందే. ఆ రూముల కూసోని నేను అప్పటికే వెయ్యి ప్రేమ పాటలు రాసిన.

వెయ్యి అంటే జర ఎక్కువైనట్టుంది. వంద అనుకోండి. సరే, దాచుడెందుకు? పాట ఒక్కటే, పేర్లు వేరు.

మా పని ఎట్లుంటదో తెల్వనోళ్ళ కోసం చెప్త. మాకు ముందుగాల ట్యూన్ వస్తది. ట్యూన్ కట్టేటాయన మాటల్లేకుండ 'తననా తననా' అని పాడి ఇస్తడు. దాన్ని డమ్మీ అంటం. ఆ డమ్మీల ఎక్కడ ఎంత జాగ ఉన్నదో చూసి మాటలు నాటుడే నా పని, మడిల నారు నాటినట్టు. మాటిమాటికి తిరిగొచ్చే లైనును హుక్ అంటరు. వినేటోని చెవికి తగులుకునే కొక్కెం అన్నట్టు. పెండ్లి వీడియోలు తీసేటోళ్ళకు నేను ఎన్నో ఏండ్లుగా ఇచ్చిన హుక్ ఇది:

తొలిచూపుల వాన కురిసెనులే
........, నా మనసు తడిసెనులే

ఆ చుక్కల జాగల పెండ్లికొడుకు పేరు పడ్తది. రమేశు, సురేశు, గణేశు, ఎవరైనా ఆరామ్‌గ కూసుంటరు. మరీ పొడుగు పేరోడొస్తే ఇంట్ల ఏమని పిలుస్తరో అడిగి, ఆ పేరు పెట్టేటోన్ని.

గా వానాకాలంల ఒక పొద్దున మల్లేశు అని చెరువుల చేపలు పట్టే మనిషి మెట్లెక్కి వచ్చిండు. నలభై దాటినయి. గుమ్మం కాడనే నిలబడ్డడు.

"తాతా, ఒక పెండ్లి పాట గావాలె."

"లోపలికి రా. ఎవరి పెండ్లి, కొడుకుదా?"

తల గోక్కున్నడు. "నాదే."

సంగతి ఇట్లున్నది. మల్లేశు భార్య పచ్చకామెర్లతోటి పోయి నాలుగేండ్లైంది. చేసుకోబోయే ఆమె స్వరూప. ఈయన పట్టిన చేపలు మార్కెట్‌ల అమ్ముతది. ఆమె మొదటి మొగడు వేరే ఆమెతోటి పోతే, పెద్దమనుషులు కూసోని తెగదెంపులు చేసిన్రు. రెండోసారి జరిగే ఇట్లాంటి పెండ్లిని మేము మారుమనువు అంటం. దానికి బ్యాండుండదు, పాటుండదు, ఊరేగింపుండదు. పొద్దూకినంక గుడి కాడ పుస్తె కట్టి, నలుగురు తిని, సప్పుడు జెయ్యకుండ ఎవరిండ్లకు వాళ్ళు పోతరు.

"మరి నీకు పాటేందిరా?"

"నాక్కాదు తాతా. ఆమె పట్టువట్టింది. 'సప్పుడు లేకుండ వచ్చుడేంది, నేనేమన్న దొంగతనం చేస్తున్ననా? పాట ఉంటెనే వస్త. లేకుంటే నీ చేపలు నువ్వే అమ్ముకో' అంటున్నది."

"గింతేనా? ఫికర్ జెయ్యకు. నా కలం ముట్టుకుంటే పాట అదే వస్తది."

నిజంగనే అదే వచ్చింది. సాయంత్రానికి పాట తయారు. మల్లేశు పేరు కొలత తీసి కుట్టినట్టు ఆ జాగల కూసుంది. ఆయన మురుసుకుంట ఫోన్‌ల ఎక్కించుకోని పోయిండు.

తెల్లారి మెట్ల మీద చెప్పుల సప్పుడైంది. చీర కొంగుకు చేప పొలుసులు అంటుకోని ఉన్న ఒక ఆమె, ఆమె ఎనుక తల దించుకోని మల్లేశు.

"ఈ పాట రాసిన తాత ఎవరు?"

మెచ్చుకోనీకి వచ్చిందనుకోని మీసం దువ్విన. "నేనే బిడ్డా. కూసో."

"నరేశు యాదికున్నడా?"

"ఏ నరేశు?"

"నా మొదటి మొగడు. నా మొదటి పెండ్లి వీడియోల ఇదే పాట. గాయన పేరు దీసి గీయన పేరు వెట్టినవ్. తట్ట కడుగకుండ కొత్త చేపలు పోస్తర తాతా?"

మీసం మీది చెయ్యి దించి, "చాయ్ తాగుతవా బిడ్డా?" అన్న. మాటలే అమ్ముకోని బతికేటోన్ని, చూడుండ్రి.

"నేను పాట తెమ్మంటే నువ్వు నరేశుగాన్ని మళ్ళ తోలుకొచ్చినవ్" అని మల్లేశు దిక్కు తిరిగింది. "పాట వద్దు, పెండ్లి వద్దు."

దడదడ మెట్లు దిగి పోయింది. మల్లేశు అక్కడనే కూలబడ్డడు.

"ఎంత పనిజేసినవ్ తాతా! నాలుగేండ్లకు ఒక ఇల్లైతదనుకుంటి."

ఆ మాట నాకు గట్టిగనే తగిలింది. అప్పుడు నేను తలుపు గడియ పెట్టుకోని మునిలెక్క ధ్యానంల మునిగిన. ధ్యానం అంటే, చాయ్ తాగి కునుకు తీసిన. లేచి చూస్తే కాయితం తెల్లగనే ఉన్నది.

విచిత్రమేందంటే, ఎట్ల మొదలు పెట్టినా కలం పోయి 'తొలి' అనే మాట మీదనే పడుతున్నది. తొలిచూపు, తొలివలపు, తొలిరేయి. అది కొట్టేస్తే 'కొత్త'. అదీ కొట్టేస్తే 'లేత'. ఇన్నేండ్లు నేను గమనించనే లేదు, నా ప్రేమ పాటలన్నీ మొదటిసారి ప్రేమించేటోళ్ళ కోసం కుట్టిన అంగీలే. వీళ్ళిద్దరికి ఒక్కటి గూడ పట్టదు. వీళ్ళకు తొలిచూపు యాడిది? దినాం పొద్దున తట్టకు అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి ఏండ్ల సంది చూసుకుంటనే ఉన్నరు. మరి తొలి అనేది ఏదీ లేనోళ్ళ పాట ఎక్కడ మొదలైతది? ఈ ముసలితనంల నాకు నిజంగ తెలుసుకోవాలని అనిపించింది.

మర్నాడు మార్కెట్‌కు పోయిన.

స్వరూప కత్తిపీట ముందు కూసోని చేప తోముతున్నది. తల ఎత్తలేదు. "ఎందుకొచ్చినవ్ తాతా? చేపకా, పాటకా?"

"చేపకే బిడ్డా" అని అబద్ధమాడిన. "జెల్ల చేపలు తూకమెయ్యి. పాట సంగతి ఇడిసిపెట్టు గని, ఆ మల్లేశుల ఏం జూసి ఒప్పుకున్నవ్?"

"ఏముంది చూసుటానికి? నల్లగుంటడు, బీడీలు తాగుతడు."

"నవ్వితే మాత్రం బాగుంటడే" అన్నది పక్క తట్ట కాడి ముసలామె.

"అయితే నువ్వే చేసుకో పెద్దమ్మా!"

చుట్టుపక్కల ఆడోళ్ళంత పకపక నవ్విన్రు. నవ్వులు అయిపోయినంక స్వరూప ఒక జెల్లను చేతుల పట్టుకోని నాకు చూపెట్టింది.

"గీ రెక్కల కాడ ముండ్లుంటయి. గుచ్చుకుంటే పొద్దంత సలుపుతది. అందరు తట్టల కుమ్మరించి పోతరు. ఈయన ముండ్లు విరిచి తెస్తడు."

"నీకు చెప్పిండా?"

"చెప్పలే. నేనే చూసిన." జెల్లను కత్తిపీటకు ఆనించింది. "మూడేండ్ల సంది విరుస్తనే ఉన్నడు. ఒక్కనాడు గూడ చెప్పలే."

అక్కడికెల్లి సీదా చెరువు కట్టకు పోయిన. మల్లేశు వల కుట్టుకుంటున్నడు.

"జెల్లల ముండ్లు ఎందుకు విరుస్తవ్ రా?"

ఆయన చెవులు ఎర్రబడ్డయి. "ఎవరు చెప్పిన్రు? ఒకపారి ఏలికి గుడ్డ కట్టుకోని అమ్ముతుంటే చూసిన. అంతే."

"మరి ఆమెల నువ్వు చూసింది ఏంది?"

వల కంట్ల దారం ముడేసుకుంట చెప్పిండు. "నా పెండ్లాం పోయినంక మార్కెట్‌కు పోతే అందరు ఎట్ల చచ్చిపోయింది, ఎట్ల చచ్చిపోయింది అని అడిగిన్రు. ఈమె ఒక్కతే, 'తిన్నవా?' అన్నది."

ఇంటికి పోయేదాంక గూడ ఆగలేదు. కట్ట మీదనే కూసోని సిగరెట్ పెట్టె చింపి దాని మీద రాసిన:

జెల్లల ముండ్లు ఇరిచేటోడా
నా చేతులెప్పుడు చూసినవో
తిన్నవా అని అడిగేదానా
నా ఆకలెప్పుడు చూసినవే

ఒక్కపారి కూడ కొట్టివేత లేకుండ రాసిన అని అందరికీ చెప్పుకుంట. మూడు పెట్టెలు చిరిగినయి.

ట్యూన్ కట్టేటాయన గులిగిండు. "తాతా, ఇది డమ్మీల పట్టదు."

"అయితే డమ్మీ మార్చు" అన్న. మాటల కోసం ట్యూన్ మార్చుడు మా రూముల అదే మొదటిసారి.

పాట పట్టుకోని మల్లేశు మార్కెట్‌కు పోయిండు. భయమైందేమో, నన్ను గూడ తోలుకపోయిండు. ఫోన్‌ల పాట పెట్టి, స్వరూప ముందున్న కాంటా పళ్ళెంల పెట్టిండు. ఆడ గొంతుల రెండు లైన్లు, మగ గొంతుల రెండు లైన్లు. కత్తిపీట మీద స్వరూప చెయ్యి ఆగింది. ముండ్ల సంగతి ఆమెకు తెలుసన్న ముచ్చట మల్లేశుకు, 'తిన్నవా' అన్న మాట ఆయన దాచుకున్న ముచ్చట ఆమెకు, అప్పుడే తెలిసింది. ఇద్దరు ఒకరి దిక్కు ఒకరు చూసుకోకుండ ఫోన్ దిక్కే చూసిన్రు.

పాట అయిపోయినంక ఆమె నా దిక్కు తిరిగింది. "ఇది ఇంతకుముందు ఎవరికన్న ఇచ్చినవా?"

"లేదు బిడ్డా."

"ఒట్టు?"

"నీ చేప మీద ఒట్టు."

"ఇంకెవ్వరికీ ఇయ్యకు." కొంగుతోటి కండ్లు తుడుచుకోని, మల్లేశుతోటి అన్నది, "నిలబడ్డవేంది? తిన్నవా?"

వాళ్ళ పెండ్లికి ఊరంత కదిలొచ్చింది. ఊరంతంటే, చేపల మార్కెట్ ఆడోళ్ళు, మల్లేశు దిక్కు నలుగురు, ఇంక నేను. గుడి కాడ ఒక పెద్దమనిషి "మారుమనువుకు పాటేంది?" అని లేచిండు. ఆయన మాట అయిపోకముందే తట్టల ఆడోళ్ళు చప్పట్లు కొట్టుకుంట పల్లవి ఎత్తుకున్నరు. వాళ్ళెంబడి వచ్చిన పిల్లలు గూడ అందుకున్నరు. స్వరూప తల దించుకోలేదు. పుస్తె కట్టేదాంక పాట ఆగలేదు.

ఆ ఒట్టు నేను నిలబెట్టుకున్న. నా నిజాయితీ గొప్పదని కాదు. ఆ మధ్య ప్లాట్ల వెంచర్‌ల పనిచేసే ఒక పిలగాడు ప్రేమ పాట కావాలని వస్తే నా చెయ్యి దురద పెట్టింది. 'జెల్లల ముండ్లు' తీసి 'గులాబి ముండ్లు' అని రాసి చూసిన. నాలుగుసార్లు పాడుకున్న. పాట అక్కడనే చచ్చిపోయింది. ఎవరి ముండ్లో తెల్వనప్పుడు విరిస్తే ఏంది, విరువకుంటే ఏంది? కాయితం చింపేసి ఆ పిలగాన్ని అడిగిన.

"ఆ పిల్ల గురించి నువ్వొక్కనివే చూసింది ఒకటి చెప్పు."

"మస్తుంటది తాతా."

"అది అందరు చూస్తరు."

చాయ్ చల్లారేదాంక ఆలోచించిండు. "ఏం చూడలే తాతా" అన్నడు, జర భయపడ్డట్టుగ.

"అయితే పోయి చూసి రా" అన్న. "ట్యూన్ యాడికీ పోదు."