బాబాయి గీసిన ఎర్ర గీత

మా బాబాయికి ఒకటే పిచ్చి. తాను బిగించిన ప్రతి నట్టు మీదా గోళ్ళరంగుతో ఎర్ర గీత గీస్తాడు. గీత సగం నట్టు మీద, సగం పక్క ఇనుము మీద పడాలి. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగి, దొంగ దొరికిపోతాడు.

కుక్కర్ పిడికి ఎర్ర గీత, కుర్చీ కాళ్ళకు ఎర్ర గీత, ఆఖరికి కళ్ళజోడు స్క్రూకి కూడా. పిన్ని గోళ్ళు మాత్రం ఎప్పుడూ బోసిగానే ఉంటాయి. "సీసా కొనేది నేను, సింగారం నట్లకా!" అని ఆవిడ గోల.

ఏడేళ్ళుగా ఆయన షెడ్డులో ఇద్దరు కూర్చునే విమానం కడుతున్నాడు. చివరికి రెక్కల్ని పట్టి ఉంచే రెండు ఏటవాలు కడ్డీలు మిగిలాయి. గరుకు కాగితంతో రుద్ది, రంగేసి, మళ్ళీ రుద్ది, మళ్ళీ రంగేసి, బిగించి గీతలు గీశాడు. మర్నాడు నాలుగింటికి తనిఖీ అధికారి రావాలి. ఆయన సరేనంటే మొదటి ప్రయాణం పిన్నిది. కాదంటే మళ్ళీ ఆర్నెల్ల దాకా రాడు.

మర్నాడు మూడింటికి బాబాయి భూతద్దంతో ఎడమ కడ్డీ కింద ఆగిపోయాడు.

"గీత తెగిందిరా."

ముందురోజు ఆయన టీకి వెళ్ళినప్పుడు, గట్టిగా ఉంటే మంచిదేగా అని ఆ నట్టుని ఇంకో పావు తిప్పిన మహానుభావుణ్ణి నేనే. అతిగా బిగిస్తే బోల్టు మర పాడవుతుందని నాకేం తెలుసు?

"అలా నిలబడ్డావేం? కొత్త నట్టందుకో!"

పాతది విప్పాడు. లోపలి బోల్టు మరని భూతద్దంతో వెతికాడు.

"బతికిపోయాం."

కొత్త నట్టు ఎక్కించి, సరైన బిగువు రాగానే టక్కుమనే స్పానరు పట్టాడు. టక్కుమంది. గీత గీద్దామంటే సీసా ఖాళీ! బయట కారు ఆగిన చప్పుడు.

"పిన్నీ!" అని కేకేశాను. ఆవిడ పరుగున వచ్చి, జడపిన్నుతో సీసా అడుగు గీకి ఒక్క చుక్క తీసింది. "ఇదీ నట్టుకేనా?" అంటూనే ఇచ్చింది. బాబాయి గీత గీశాడో లేదో, అధికారి లోపలికొచ్చాడు.

అధికారి కడ్డీ ఊపి చూశాడు. వేలికి ఎరుపంటింది.

"తడిగా ఉందే! దీన్నెవరు ముట్టుకున్నారు?"

నేను నా చెప్పులు చూసుకుంటున్నాను.

"నేనేనండి," అన్నాడు బాబాయి. "నిన్న తొందరపడి ఎక్కువ బిగించాను. ఇవాళ కొత్త నట్టు వేశాను."

ఏడేళ్ళలో ఒక్క నట్టు దగ్గరా తొందరపడని మనిషి! అధికారి నట్టుని మరోసారి పరీక్షించాడు. ఆ నిమిషం ఏడేళ్ళంత సాగింది. చివరికి సంతకం పెట్టాడు.

ఆయన వెళ్ళగానే నసిగాను. "బాబాయ్, ఆ నట్టు..."

"తెలుసులేరా. గోడకి స్పానరు తలకిందులుగా తగిలించేది నువ్వొక్కడివే. ఇంటికి మెల్లగా వెళ్ళు."

బయటికొచ్చి, అనుమానంతో నా స్కూటరు పక్కన వంగాను. చక్రాల నట్లన్నిటి మీదా ఎర్ర గీతలు. మట్టి పట్టిన పాత గీతల పక్కనే కొత్తవి. ఒక్కటీ తెగలేదు. పిన్ని సీసాలు ఎటు పోతున్నాయో అప్పుడర్థమైంది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

పిన్నికి కొత్త సీసా కొనిచ్చాను, 'గోళ్ళకు మాత్రమే' అని చీటీ అంటించి. విమానమెక్కిన రోజు ఆవిడ కిందికి చెయ్యి ఊపింది. తొమ్మిది గోళ్ళు ఎర్రగా ఉన్నాయి. పదోదాని రంగు, ఆవిడ సీటు నట్టు మీద ఉందట.