ఆ గ్రూపులో నాకు ప్రవేశం

మా ముత్తాత బూర్గంపాడు తాలూకాలో మాలీపటేలు. శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు వెళ్లేది. ఆయన కొడుకు, అంటే మా తాత, దానితోపాటు పోలీసు పటేలుగిరీ కూడా చేశాడు. నిజాం కాలంలో తాలూకా కచేరీలో ఆయనకు కుర్చీ వేసేవారు. అడవి ఊళ్లవాళ్లు మా వాకిట్లోకి వచ్చేటప్పుడు చెప్పులు చేత పట్టుకునేవారు. ఇది గొప్ప కోసం రాయడం లేదు, సిగ్గుపడుతూనూ రాయడం లేదు. ఉన్నది అది. మా నాన్న కాలానికి పటేలుగిరీలు రద్దయ్యాయి. భూమి కొంత సీలింగులో పోయింది, కొంత కోర్టు కేసుల్లో పోయింది, ఏజెన్సీ చట్టం కింద మిగతాది చేజారింది. ఆ ఇంటికి ఇప్పుడు వారసురాలిని నేనొక్కదాన్నే.

ఖమ్మంలో ఉంటాను. యూనివర్సిటీలో చరిత్ర చెబుతాను. ఫోను, కంప్యూటరు చేతకాని మనిషినని మా విభాగంలో ఒక అభిప్రాయం ఉంది. అది తప్పు. నా పాఠాలు రికార్డు చేసి పెడతాను. పిల్లల అసైన్‌మెంట్లు ఫోనులోనే దిద్ది పంపుతాను. పాత రెవెన్యూ కాగితాలు స్కాన్ చేసి అందరికీ అందేలా డ్రైవ్‌లో ఉంచింది మా విభాగంలో మొదట నేనే. విభాగం వాట్సాప్ గ్రూపులో తెల్లవారగానే వచ్చే గులాబీలకు, సూక్తులకు జవాబివ్వను, అంతే. ఫేస్‌బుక్‌లో మాత్రం నాకు ఖాతా లేదు. అక్కడ ఎవరితోనైనా కలవాలంటే అభ్యర్థన పంపాలట. అభ్యర్థించడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

నా దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి బూర్గంపాడు అవతల అడవిలోని ఒక కోయ ఊరి నుంచి వచ్చింది. వాళ్ల ఊళ్లో పీహెచ్‌డీలో చేరిన మొదటి మనిషి. అడవి నుంచి ఏది ఎప్పుడు తెచ్చుకోవాలో ఊరు ఎలా నిర్ణయిస్తుంది, కొత్త పంటకు పండుగ చేయనిదే ఎవరూ ఎందుకు ముట్టరు అన్నది ఆమె పరిశోధన విషయం. ఆమె పని చేసే పద్ధతి నాకు మొదట నచ్చలేదు. రాసిన ప్రతి భాగాన్నీ తమ భాషలో చదివి, రికార్డు చేసి, తెలుగు రాతతోపాటు వాళ్ల ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టేది. ఊళ్లోవాళ్లు గుట్ట మీద సిగ్నల్ వచ్చే చోట కూర్చుని విని, తప్పులుంటే మాటల్లోనే రికార్డు చేసి పంపేవారు. ఆమె దిద్దుకునేది. పూర్తికాని రాతను బజార్లో పెట్టకూడదని నేను చెప్పాను. "వాళ్ల గురించి రాసేది వాళ్లకు చూపెట్టకుంటే ఎట్ల మేడమ్?" అంది. తర్వాతి అధ్యాయం తీసుకురమ్మన్నాను.

థీసిస్ సమర్పించే ముందు కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో వేశారు. రెండు అధ్యాయాలు దాదాపు పూర్తిగా ఎర్రబడి వచ్చాయి. ఆ వాక్యాలన్నీ ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల స్టడీ మెటీరియల్‌లో ఉన్నాయి. పోటీ పరీక్షలకు "గిరిజన సంస్కృతి" అని పీడీఎఫ్ తయారు చేసి, తమ వెబ్‌సైటులో పెట్టుకున్నారు. అప్పుడు అర్థమైంది, గ్రూపు అందరికీ తెరిచి ఉన్న రోజుల్లో అందులోంచి ఎత్తి రాసుకున్నారని. సాఫ్ట్‌వేర్‌కు ఎవరు ముందో తెలియదు. రెండూ ఒకేలా ఉన్నాయని మాత్రమే చెబుతుంది.

కమిటీ ఆమెను దొంగ అనలేదు. ఆ రాత ముందుగా ఆమెదేనని పర్యవేక్షకురాలిగా నేను స్వయంగా పరిశీలించి రాసి ఇస్తే ఆలోచిస్తామంది. లేకపోతే థీసిస్ తిప్పి పంపుతారు. ఆమె గడువు అప్పటికే పొడిగించినది, ఇంకోసారి పొడిగించరు. తిప్పి పంపితే రిజిస్ట్రేషన్ పోతుంది, కాపీ కొట్టిందన్న పేరు మిగులుతుంది.

ఆమె నా గదికి వచ్చి ఫోను చాపింది.

"ఇగో మేడమ్, గ్రూపుల నా పోస్టులన్నీ ఉన్నయ్, తారీఖులతోని. వాళ్ల పీడీఎఫ్ కంటె ఎంత ముందటియో చూడండి."

నేను ఫోను అందుకోలేదు. అభ్యర్థి చేతిలోంచి చూసి, స్వయంగా పరిశీలించానని సంతకం పెట్టడం నాకు చేతకాదన్నాను. గ్రూపులోకి నేనే వెళ్లి చూస్తానన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. "గ్రూపు ఇప్పుడు ప్రైవేటు చేసిండ్రు మేడమ్. కోచింగోళ్లు ఎత్తుకపోయిన సంగతి తెలిసినంక మూసిండ్రు. కొత్తోళ్లను జల్దీ రానియ్యరు."

ఆ సాయంత్రమే ఖాతా తెరిచాను. గ్రూపులో చేరడానికి మూడు ప్రశ్నలున్నాయి. ఏ ఊరు? ఏ ఇంటివారు? మా ఊళ్లో మీకు ఎవరున్నారు? నేను ఖమ్మం అని, చరిత్ర ప్రొఫెసర్ అని, మీ ఊరి విద్యార్థినికి గైడునని రాశాను. తిరస్కరించారు. నా అభ్యర్థనను ఎవరైనా తిరస్కరించడం నా జీవితంలో అదే మొదలు. అంతకుముందు ఎన్నడూ పంపకపోవడం వల్ల కావచ్చు.

గ్రూపును నడిపేది వాళ్ల ఊరి అంగన్‌వాడీ టీచర్, ఈ అమ్మాయికి చిన్నమ్మ. మర్నాడు అమ్మాయి నా ముందే ఆమెకు ఫోను చేసింది.

"ఎవరే ఆ ప్రొఫెసరు?" అవతలి నుంచి గట్టిగా వినిపించింది. "మెటీరియల్ ఎత్తుకపోయినోడు గూడ ప్రొఫెసర్‌నే అనుకుంట వచ్చిండు గద."

"చిన్నమ్మా, స్పీకర్ల ఉన్నవ్. మేడమ్ ఇంటున్నరు."

"ఇననీ. నమస్తే మేడమ్. ఇల్లేదని అడిగితిమి, నౌకరీ రాస్తిరి. నౌకరీతోని మాకేం పని? రిటైరైతే పోతది."

ఆమె చెప్పిన పద్ధతి ఇది. వాళ్ల ఊరికి కొత్త మనిషి వస్తే ఊరి మొదట్లో ఆగి తన ఇల్లు చెప్పుకోవాలి. ఆ ఇంటితో తమకేమవుతుందో పెద్దలు తేల్చుకున్నాకే మంచినీళ్లు ఇస్తారు. గ్రూపుకూ అదే పెట్టుకున్నారు. సంత నుంచి అందరూ తిరిగొచ్చాక వచ్చిన అభ్యర్థనలు టీచరమ్మ చదివి వినిపిస్తుంది. పెద్దలు సరేనంటేనే ఒప్పుకున్నట్టు వేలితో నొక్కుతుంది.

"అయితే ఇల్లు రాసి పంపుతాను," అన్నాను.

ఫోను పెట్టేశాక అమ్మాయి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "మేడమ్, మీ ఇంటి పేరు రాయకండి. అమ్మగారి దిక్కు పేరు రాయండి. అదీ ఇల్లే కద."

"ఎందుకు?"

"మీ ఇల్లంటే మా ఊళ్లె అందరికీ ఎరుకే. మీ దగ్గర సీటొచ్చిందని చెప్పిననాడే మా తాత అన్నడు, పోయిపోయి ఆ ఇంటికేనా అని."

ఇన్నేళ్లుగా ఆమె ఆ మాట నాతో అనలేదు. నా ఎదుట కూర్చుని, నా దిద్దుబాట్లు తీసుకుని వెళ్లేది. మరి ఎందుకు చేరావని అడిగాను.

"మీరు మార్కులు ఎవరికీ ఊకెనే ఎయ్యరని సీనియర్లు చెప్పిండ్రు మేడమ్. నాకూ ఊకెనే వచ్చిందని ఎవరూ అనొద్దు."

ఇంటి పేరు దాచి ఎవరి గుమ్మంలోకీ వెళ్లనని చెప్పాను. ఆమె భవిష్యత్తు నా పట్టుదల మీద వేలాడుతోందని తెలుసు. తెలిసే చెప్పాను. దాచి చేరాక బయటపడితే ఆమె ఊరికి కూడా దూరమవుతుంది, ఆ లెక్కా ఉంది. రెండోసారి మా ఊరు, మా ఇంటి పేరు, తాత చేసిన పటేలుగిరీ రాశాను. మూడో ప్రశ్నకు, నా విద్యార్థిని తప్ప ఎవరూ లేరని రాశాను.

సంత అయిన మర్నాడు టీచరమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌ను అమ్మాయి నాకు వినిపించింది. వెనక నవ్వులు, ఒక ముసలాయన దగ్గు, కోడి అరుపు.

"దొరసానమ్మ గేటు కాడ నిలబడ్డది, ఏం జేద్దామని అడిగిన. అందరు ఒకటే నవ్వుడు. నిలబడనీ, కాళ్లు గుంజవు తియ్ అని ఒగాయన. తాత మాత్రం ఒక్కటే అడుగుమన్నడు. మేం వెట్టికి రాము అన్న ఏడు మీ తాత మా పెద్ద డోలు గుంజుకపోయిండు. అది మీ ఇంట్ల ఉన్నదా, లేదా? గంతే రాయమను."

డోలు నాకు తెలుసు. మా సావడిలో దూలానికి వేలాడేది. నా చిన్నప్పుడు నా కంటే పొడుగు. దాన్ని తాకనిచ్చేవారు కాదు. అడవి ఊరివాళ్లు మా తాతకు ప్రేమతో ఇచ్చిన కానుక అని వచ్చిన చుట్టాలకు మా నాయనమ్మ చెప్పేది. ఒకే వస్తువు గురించి రెండిళ్లలో రెండు మాటలుంటే, ఏది సరైనదో ఆధారాలతో తేల్చడం నా వృత్తి. ఈ విషయంలో మా వైపు నాయనమ్మ మాట తప్ప మరే ఆధారమూ లేదు. వెట్టిచాకిరీకి రాబోమని చెప్పిన ఊరు అదే ఏడు ప్రేమతో డోలు ఎందుకిస్తుందన్నది ఆలోచించాల్సిన ప్రశ్నే.

"ఉందో లేదో చూసి చెప్తనని రాయండి మేడమ్," అమ్మాయి అంది. "గంతలోపు మన పనైతది."

నేను "ఇంట్లో లేదు" అని రాశాను. రాసి, పంపి, ఆమె వైపు చూడకుండా తరగతికి వెళ్లాను. ఆ రోజు పాఠం సరిగా చెప్పలేదు.

సాయంత్రం ఫోనులో గంట మోగింది. ప్రవేశం దొరికింది. వెంటనే టీచరమ్మ ఫోను చేసింది.

"ఉన్నదని రాస్తే, తెచ్చి ఇచ్చినంకనే రానిస్తుంటిమి మేడమ్. లేదని సక్కగ చెప్పిండ్రు. బయట నిలబెడితే ఇంకేం అడుగుతం? లోపట ఉంటే అడుగొచ్చు. తాత మాట అది."

ఆ గ్రూపును మొదటి నుంచి చదివాను. అమ్మాయి పెట్టిన ప్రతి భాగమూ ఉంది. దాని కింద ఊరి గొంతులు, వాటి కింద ఆమె తెలుగులో రాసుకున్న అర్థం. ఇప్పపువ్వు ఏరే చోట చెట్టు కింద నేల ఊడ్చి సిద్ధం చేస్తారని ఆమె రాస్తే, ఎవరి చెట్టు కింద ఎవరు ఊడ్చవచ్చో వదిలేశావని ఒక ముసలమ్మ దెప్పింది. తర్వాతి రూపంలో ఆ సంగతి చేరింది. కోచింగ్ వాళ్ల పీడీఎఫ్‌లో మాత్రం ముసలమ్మ దెప్పక ముందున్న వాక్యమే ఉంది, తప్పుతో సహా. ఎవరు ఎవరి నుంచి ఎత్తారో అక్కడే తేలిపోయింది. గ్రూపు అనుమతి తీసుకుని ఆ పేజీలు దించాను, పక్కపక్కన పెట్టి నివేదిక రాశాను.

కమిటీ పెద్ద సైన్సు మనిషి. "ఫేస్‌బుక్ కామెంట్లు కూడా ఆధారమేనా మేడమ్?" అన్నాడు.

"కచేరీలో పటేలు రాసిన పంచనామాను ఆధారమంటున్నాం కదా," అన్నాను. "ఇందులో తేదీ ఉంది, మాట్లాడిన మనిషి గొంతు ఉంది. పంచనామాలో అది కూడా ఉండదు."

మరో ఇద్దరు కాసేపు వాదించారు. చివరికి థీసిస్ తీసుకున్నారు. వైవా కూడా అయింది. డాక్టరేట్ వచ్చినట్టు ఉత్తర్వు అందిన రోజు ఆమె దాన్ని నాకు చూపించకముందే గ్రూపులో పెట్టింది. కింద చప్పట్ల బొమ్మలు నిండిపోయాయి. "ఇగ సూది ఏస్తవా బిడ్డా?" అని ఎవరో అడిగారు. ఈ డాక్టరు వేరని టీచరమ్మ చాలాసేపు వివరించాల్సి వచ్చింది.

పనైపోయింది గనుక గ్రూపులోంచి బయటికి వచ్చేయవచ్చు. వాళ్లు అడగాల్సింది అడగకముందే లేచి వెళ్లిపోవడం మర్యాద కాదనిపించి ఉండిపోయాను. ఆ చప్పట్ల మధ్యే అమ్మాయి తాత గొంతు వచ్చింది. వాళ్ల భాషలో రెండే మాటలు. అమ్మాయి కింద తెలుగులో పెట్టింది: "ఇంట్ల లేకుంటే ఏడున్నదో చెప్పుమనండి. పోయి తెచ్చుకుంటం."

నేను కుర్చీలో సర్దుకుని కూర్చుని, తెలుగులో, తప్పులు లేకుండా ఇలా టైపు చేశాను: మా నాన్న సావడి టేకు స్తంభాలు, చెక్కిన గుమ్మాలు అమ్మినప్పుడు డోలును కూడా వాటితోపాటే లారీలో వేసి పంపాడు. కొన్నది రాజమండ్రి వైపు నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారి.