ఎనభై అయిదు గుర్రాల బండి

రైతుకూలీల సంఘం మాట ఊళ్ళల్లో మెల్లగా పాకుతున్న ఆ రోజుల్లో, దేశం ఎటు పోతోందో నాకు పట్టేది కాదు. నా లోకమల్లా కేసముద్రం దగ్గర మా దొర గడిలో నేను నడిపే అమెరికా కారే. ఎనిమిది సిలిండర్లు, ఎనభై అయిదు గుర్రాల బలం. (గ్యాలను పెట్రోలుకి పదిహేను మైళ్ళు కూడా పోయేది కాదు, ఆ సంగతి నేనెవరికీ చెప్పేవాణ్ణి కాదు.) గడిలో రెండో కారు విలాయతిది, మా మేనబావ నడిపేవాడు. నాలుగు సిలిండర్లు, ముప్పై గుర్రాలు. "నీదానికి తిండెక్కువ, నాదానికి పనెక్కువ" అనేవాడు బావ. "గది కారా, కుట్టు మిషనా?" అనేవాణ్ణి నేను.

యుద్ధం ముగిసినా పెట్రోలు కరువు తీరలేదు. ఒకనాడు దొర ఇద్దర్నీ పిలిచి, "రెండు బండ్లు సాకుడు నాతోని కాదు. రేపు పొద్దుగాల మానుకోట నుంచి గడిదాకా ఉరికియ్యిండ్రి. ముందొచ్చినోడు ఉంటడు, ఎనకొచ్చినోడు బండితోపాటు బయటికి పోతడు" అన్నాడు. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. మర్నాడు మాత్రం నా ఎనభై అయిదు గుర్రాలూ దుమ్ము రేపాయి. ఊరి ముందున్న వాగులోకి నేనే ముందు దిగాను, దిగినవాణ్ణి దిగినట్టే ఇసుకలో కూరుకుపోయాను. నేనేం కంగారు పడలేదు. మూడుసార్లు హారను కొడితే చేలల్లో ఉన్నవాళ్ళు పని వదిలి వచ్చి నెట్టాలి, అది గడికి చేసే వెట్టి. కొట్టాను. ఇంతలో బావ బండి వచ్చి నా పక్కనే కూరుకుంది. అతనూ కొట్టాడు. గట్టు మీది చేలో కలుపు తీస్తున్న ఇరవై మందీ తలెత్తలేదు.

"అవ్వా, జర అందర్ని పిలువు! గిది ఎనభై అయిదు గుర్రాల బండి!" అని అరిచాను.

"గన్ని గుర్రాలుంటె మేమెందుకు బిడ్డా?" అంది గట్టు మీది ముసలవ్వ. "వెట్టి బంద్ అయింది. సంఘం చెప్పింది."

ఇక మాకు మేమే దిక్కు. కానీ ముందు ఎవరి బండి నెట్టాలి? నెట్టిన బండి గెలుస్తుంది కదా! పొద్దు నడినెత్తికెక్కేదాకా పోట్లాడుకుని, చివరికి రెండింటినీ వాగులోనే వదిలి గడికి నడిచి పోయాం. ఎవరు గెలిచారని దొర అడగలేదు. "జనం రాలేదా?" అన్నాడంతే. ఆ వారమే రైలెక్కి హైదరాబాదు పోయాడు, మా ఇద్దరి నౌకరీలూ ఆయనతోనే పోయాయి.

ఇప్పుడు మా మనవలు కార్ల బలాల గురించి వాదించుకుంటుంటే నవ్వుకుంటూ వింటాను. నేనూ బావా అన్నీ లెక్కేశాం, వెనక నెట్టే చేతులను తప్ప. సిగ్గుచేటేమిటంటే, ఆ నెట్టేవాళ్ళలో నన్ను కన్న మా బాపు కూడా ఉండేవాడు. ఆనాడు గట్టు మీద తలెత్తనివాళ్ళలోనూ ఉన్నాడు. అంతకుముందు ఎన్ని సాయంత్రాలు ఇంటికొచ్చి, "బాపూ, నా బండి వాగును ఎట్ల దాటిందో చూసినవా!" అని ఆయన దగ్గరే గొప్పలు పోయానో! కాళ్ళకంటిన ఇసుక కడుక్కుంటూ, "మంచి బండి బిడ్డా" అనేవాడు.