అప్ప తెచ్చిన పెట్టెలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మునగపాక నుంచి మా అప్ప రెండు తేనెటీగల పెట్టెలు ఆటోలో వేసుకుని అనకాపల్లి మా ఇంటికి తెచ్చింది. అప్పంటే మా పెద్దక్క. ఆమె మాటకి మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. ఆ ఏడు ఆమె ఈగలన్నీ జబ్బు చేసి పోయాయి. తేనెపట్టు గదుల్లో పిల్లపురుగులు రెక్కలు రాకముందే కుళ్ళిపోయే జబ్బు అది.

"ఇంక నావల్ల కాదురా. నువ్వు పెంచుకో," అంది. పెట్టెలకి పసుపు రాసి, సాంబ్రాణి పొగ వేసి మరీ తెచ్చింది. లోపల పాత పట్లు అలాగే ఉన్నాయి. "అన్నీ తుడిసేను, సుబ్బరంగా ఉన్నాయి."

నిజమే, మా వంటిల్లు కూడా అంత శుభ్రంగా ఉండదు. కానీ ఆ జబ్బు పసుపుకి భయపడే రకం కాదు. నాకున్నది ఒక్క పెట్టెడు ఈగలు. వాటిని విడదీసి వీటిలో పెడితే అవీ పోతాయి. ఆ మాట అప్పతో అనలేక, టీ ఇచ్చి పంపించాను.

ఆమె వెళ్ళాక పట్లన్నీ పెరట్లో గొయ్యి తీసి తగలబెట్టాను. పెట్టెలు గీకి, బట్టల సోడా వేసిన మరుగు నీళ్ళతో కడిగి ఆరబెట్టాను. నాలుగో రోజు మంట చిమ్మే బ్లోలాంప్ అరువు తెచ్చి మొదటి పెట్టె లోపల కాలుస్తుంటే, చెప్పాపెట్టకుండా అప్ప వచ్చి నిలబడింది.

"ఏటిరా ఇది? నేనిచ్చినవి కాల్చేత్తన్నావా?"

అబద్ధం ఆడదామన్నా నోరు రాలేదు. జబ్బు చెక్క సందుల్లో, పాత పట్లలో దాక్కుంటుందని, తేనెటీగల పెంపకం ట్రైనింగ్‌లో నాకు నేర్పిందంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. మెట్టు మీద కూలబడింది.

"మొదటి పెట్టెలో ఈగలు పోయినప్పుడు, ఆటి పట్లు తీసి రెండోదాన్లో ఎట్టేను. పాపం, కష్టపడి కట్టుకున్నాయి గదా అని. నువ్వు పక్కనే ఉన్నావు."

ఉన్నాను. ఆ పట్లు చేతికి అందించింది నేనే.

"అప్పుడే తెలుసేటి నీకు?"

"తెలుసప్పా. పెద్దదానివి, నొచ్చుకుంటావని ఊరుకున్నాను."

అప్ప కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ అలా ఊరుకోవడాన్నే గౌరవం అనుకున్నాను.

అప్ప లేచి వెళ్ళి, రెండో పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది నేను కాలుత్తాను. సూసి సెప్పు. తప్పు సేత్తే తిట్టు."

బ్లోలాంప్ ఆమె చేతికిచ్చాను. లోపలి చెక్క మెల్లగా గోధుమ రంగు తిరిగింది. ఆమె మంట ఆపబోతుంటే అన్నాను: "మూలలు కాలలేదప్పా. మళ్ళీ కాల్చు."

అప్ప మంటని మూలలకి తిప్పి మళ్ళీ కాల్చింది.