సింహాద్రి బావ ఎడం కాలు

బాగున్న కాలిని పాడైందని చెప్పాను. నా తప్పు కప్పెట్టుకోడానికి. చాలా ఏళ్ల కిందటి మాట. అప్పట్నుంచీ అది నా గుండెల మీద కూర్చునే ఉంది. అన్నం తింటున్నా, బండి కింద పడుకుని బోల్టు విప్పుతున్నా దిగదు. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

గాజువాకలో నాకు చిన్న షెడ్డుంది. కార్లకి ఇంజిన్ ట్యూనింగ్ చేస్తాను. కంపెనీ ఇచ్చినదానికన్నా బండి ఇంకొంచెం జోరుగా లాగాలనుకునేవాళ్లు నా దగ్గరకొస్తారు. లాప్‌టాప్ పెట్టి చూస్తాను గానీ, జనం వచ్చేది నా చెవి కోసం. బండి స్టార్ట్ చేస్తే చాలు, జబ్బేంటో చెప్పేస్తానని పేరు. ఆ పేరంటే నాకు పిచ్చి. ఇప్పుడు తలుచుకుంటే నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

సింహాద్రి సొంతూరు పద్మనాభం. పోర్టులో లారీలు తోలి తోలి, వయసు మళ్లాక రుషికొండలో ఒక కాంట్రాక్టరు గారి దగ్గర కారు డ్రైవరుగా కుదిరాడు. నాకు చుట్టమేం కాదు. మా వైపు నచ్చిన మనిషినల్లా బావా అంటాం, అలాగే బావ. ఆయన తోలితే వెనక సీట్లో పసిపిల్ల కూడా నిద్ర లేచేది కాదు. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ కాంట్రాక్టరు గారి డీజిల్ కారుకి ట్యూనింగ్ చేసింది నేనే. టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే రబ్బరు పైపొకటి ఉంటుంది. పనిలో అది విప్పాను. తిరిగి పెట్టేటప్పుడు చూస్తే దాన్ని బిగించే క్లాంపు మర అరిగిపోయి ఉంది. కొత్తది తెప్పించాలి. ఓనరేమో బండి ఈ పూటే కావాలంటున్నాడు. ప్రస్తుతానికి ఆగుతుందిలే అని పాతదే బిగించేశాను. ఆగుతుందిలే. ఈ ఒక్క మాటతో మా మెకానిక్కులం ఎన్ని కొంపలు ముంచామో.

కొన్నాళ్లకి ఓనరూ, సింహాద్రీ ఇద్దరూ వచ్చారు. ఓనరు మొహం కందగడ్డలా ఉంది. సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే, రెండో గేరు నుంచి మూడో గేరుకి మార్చగానే బండి లాగడం మానేసి, కాసేపటికి మళ్లీ అందుకుంటోందట. వెనక బస్సు గుద్దబోయిందట. ట్యూనింగ్ చేయించాక బాగుపడాల్సిన బండి పాడైందేంటని నిలదీశాడు. షెడ్డులో వేరే కస్టమర్లున్నారు. అందరూ వింటున్నారు. నిలబెట్టి ఇంజిన్ రేజ్ చేశాను. శుభ్రంగా పలికింది. లాప్‌టాప్ ఏ తప్పూ చూపించలేదు. నా చెవికీ ఏమీ అందలేదు. నాకు తెలీదు, రోడ్డు మీద చూసి చెప్తాను అనొచ్చు కదా? అంతమంది ముందు ఆ మాటకి నోరు పెగల్లేదు.

"బండికేటీ నేదు సార్. డ్రైవరు కాలు. క్లచ్ మీంచి లేటుగా లేస్తంది," అన్నాను.

సింహాద్రి నా వైపు చూశాడు. కోపంగా కాదు. కోప్పడి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేదేమో.

"నిజంగానేటి బావా? నాకేటీ తెలీడం నేదు మరి."

"నీకు తెలీదు బావా. వయసొచ్చీసినాది, సుగరు కూడా ఉంది కదేటి, కాలు మొద్దుబారిపోద్ది."

సుగరు మాట ఎందుకు తీశాను? నా షెడ్డు ముందు కూర్చుని పంచదార లేని టీ తాగుతూ ఆయనే చెప్పాడు, ఓనరుకి చెప్పొద్దని కూడా అన్నాడు. నమ్మి చెప్పిన ఆ సంగతే నన్ను నేను కాపాడుకోడానికి పనికొచ్చింది.

బండి వదిలి వాళ్లు వెళ్లాక బానెట్ తీశాను. రబ్బరు పైపు అతుకు దగ్గర ఆయిల్ చెమ్మ. గేరు మార్చినప్పుడు ఇంజిన్ కొద్దిగా ఊగుతుంది. ఆ ఊపుకి పైపు అతుకు వదులై గాలి బయటకి పోతోంది, బండి బలం తగ్గుతోంది. నిలబెట్టి ఎంత రేజ్ చేసినా బయటపడని జబ్బు. కొత్త క్లాంపు తెప్పించి బిగించాను. ఘాట్‌కి తీసుకెళ్లి నేనే తోలి చూశాను. ఎక్కడా తగ్గలేదు.

అప్పుడైనా ఫోన్ చేసి చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. పైగా సింహాద్రి బండి కోసం వస్తే, పక్కన కూర్చుని ఆయన చేత తోలించాను. బండి శుభ్రంగా లాగింది. లాగదా మరి? "సూసినావా బావా, ఇయ్యాల కాలు సరిగ్గా లేపినావు," అన్నాను. పరీక్ష పాసైనవాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి కూడా ఊరుకున్నాను. ఛీ, ఏం మనిషిని నేను?

ఆ తర్వాత ఆయన తన కాలి మీదే ధ్యాస పెట్టుకుని తోలడం మొదలెట్టాడు. మెట్లు దిగుతూ ప్రతి అడుగూ చూసుకుంటే ఎవరైనా తడబడతారు. ఆయనా తడబడ్డాడు. ఎన్నడూ లేనిది కుదుపులు, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడాలు. డాక్టరు పరీక్ష చేసి నరాలు బాగున్నాయన్నాడట. మెకానిక్ బావ చెవికి తెలిసింది డాక్టరుకేం తెలుస్తుందని ఈయన నమ్మలేదు. చివరికి ఎవరూ పొమ్మనకుండానే తాళాలిచ్చేసి, మధురవాడలో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా చేరాడు. నా దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. సమయానికి చెప్పావు బావా, లేపోతే ఎవరి పిల్లల్నో గుద్దేసి ఉందును అన్నాడు. నిందిస్తే భరించేవాణ్ణి. దణ్ణం పెడితే ఎలా భరించను?

నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఎప్పటికైనా మానేసే వయసే కదా అని, ఎండలో తిరిగే పని తప్పింది కదా అని, అసలు ఆయనే అంత తేలిగ్గా ఎందుకు నమ్మాలని ఆయన మీదే విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. సిగ్గులేనితనం.

కొన్నాళ్ల కిందట మళ్లీ వచ్చాడు. కొడుకు టాక్సీ కొన్నాడట. పగలు నువ్వు తోలు నాన్నా, మిగతా టైము నేను చూసుకుంటానంటున్నాడట. ఈయన మాత్రం ముందు నువ్వు చూడాలి బావా అన్నాడు. నువ్వు తోలొచ్చంటే తోలతాను, వద్దంటే ఈ జన్మకి స్టీరింగ్ ముట్టను అన్నాడు.

ఘాట్ ఎక్కాం. మొదట గేరు మార్చిన ప్రతిసారీ ఎడం కాలి వైపు చూసుకున్నాడు. రెండు మలుపులు తిరిగేసరికి మనిషి మారిపోయాడు. గేరు మారిన సంగతి నా చెవికే అందలేదు. కొండ మీద బండి ఆపి నా వైపు తిరిగాడు. నీ కాలికి ఎప్పుడూ ఏమీ కాలేదు, అదంతా నా పనే అని చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. ఆయన మొహంలో ఆశ చూసి ఆగిపోయాననాలని ఉంది. కాదు. నా పేరే అడ్డమొచ్చింది.

"కాలు బాగుంది బావా. నయమైపోనాది," అన్నాను.

కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వంగి ఎడం పిక్క తడుముకున్నాడు.

"రోజూ నువ్వుల నూని రాత్తన్నాను బావా. పని సేసినాది."

మొదటి అబద్ధం ఆయన పని తీసుకుంది, రెండోది తిరిగిచ్చింది, చెల్లుకు చెల్లు అనుకుందామని చూశాను. కుదరలేదు. గేటు దగ్గర కుర్చీలో గడిచిపోయిన ఆ ఏళ్లని ఎవరిస్తారు? ఆయనకి ఎప్పటికైనా చెప్తానో లేదో తెలీదు. చెప్తే తిడతాడని కాదు, నవ్వేసి క్షమిస్తాడేమోనని భయం. మీకు మాత్రం చెప్పాను. క్లాంపు సరిగా బిగించనిది నేను, నింద వేసింది ఆయన కాలి మీద. ఈ మాట నా చేత్తో రాయడం ఇదే మొదలు. ఊపిరి కాస్త ఆడుతోంది.

నిన్న వాళ్లబ్బాయి టాక్సీ సర్వీసుకి తెచ్చాడు. నాన్న హుషారుగా తోలుతున్నాడని చెప్పాడు. ఇంటికి రాగానే మాత్రం, జబ్బు తిరగబెడుతుందేమోనని, ఎడం కాలు చాపుకుని నూనె రాసుకోవడం మానలేదట.